ధైర్యం కెమెరా కొనడంలోనా, రేటు చెప్పడంలోనా?

పెళ్లి ఫోటోగ్రాఫర్ దగ్గర అమ్మకానికి ఉన్న అసలు సరుకు ముహూర్తం తేదీ. మాఘమాసంలో గట్టి ముహూర్తం పడిన రాత్రి ఒక్క ఊళ్లోనే పదుల సంఖ్యలో పెళ్లిళ్లు జరుగుతాయి. ఫోటోగ్రాఫర్ మాత్రం ఒక్క మండపంలోనే ఉండగలడు. ఆ తేదీ తక్కువకు పోతే మళ్లీ దొరకదు, ఖాళీగా పోయినా దొరకదు. అందుకే ఈ వృత్తిలో ఎదగడానికి ఉన్న దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉన్న తేదీకి ఎక్కువ రాబట్టాలి, లేదా అదే తేదీన రెండో మండపంలో ఇంకో టీమును నిలబెట్టాలి, అదీ కాకపోతే ముహూర్తాలు లేని నెలలకు వేరే పని చూసుకోవాలి. మూడింటిలోనూ రిస్కు ఉంది.

అయితే తెలుగు రాష్ట్రాల్లో ఫోటోగ్రాఫర్ల మధ్య “ఫలానావాడు రిస్కు చేశాడు” అన్నారంటే, ఈఎంఐలో కొత్త మిర్రర్‌లెస్ కెమెరా తీశాడనో, మెయిన్ రోడ్డు మీద ఆఫీసు పెట్టాడనో అర్థం. జేబులోంచి డబ్బు పోయే సాహసాలకు జనం తొందరగానే సిద్ధపడతారు. మొహమాటం చంపుకోవాల్సినవి మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి: రేటు పెంచడం, కుదరదని చెప్పడం, అగ్రిమెంటు మీద సంతకం అడగడం. కాగితం మీద లెక్క వేస్తే ఈ రెండో రకానికి అయ్యే ఖర్చు తక్కువ, వచ్చే లాభం ఎక్కువ.

పన్నెండు మంది వెళ్లిపోయినా నష్టం లేని లెక్క

ఉదాహరణకు ఒక ఫోటోగ్రాఫర్ ఏడాదికి 30 ప్రోగ్రాములు, ఒక్కోటి 60,000 రూపాయలకు చేస్తున్నాడనుకుందాం. అందులో టీముకు 20,000, ఎడిటింగుకు 8,000, ఆల్బమ్‌కు 9,000, ప్రయాణం, చిల్లర ఖర్చులకు 3,000. మొత్తం 40,000 పోగా మిగిలేది 20,000. ఏడాదికి 6 లక్షలు.

రేటు 75,000 చేస్తే ఖర్చు అదే 40,000 కాబట్టి ఒక్కో ప్రోగ్రాముకు 35,000 మిగులుతుంది. 18 ప్రోగ్రాములు చేస్తే చాలు, 6 లక్షల 30 వేలు చేతికొస్తాయి. అంటే 25 శాతం పెంచి, ముప్పైలో పన్నెండు పోగొట్టుకున్నా పాత ఆదాయానికి లోటు లేదు. పైగా పన్నెండు తేదీలు ఖాళీగా మిగిలాయి.

ఇదే లెక్క తిరగేసి చూస్తే డిస్కౌంటు ఎంత ప్రమాదమో తెలుస్తుంది. “మనవాళ్లే కదా” అని 60,000లో పది వేలు తగ్గిస్తే మిగిలేది సగానికి పడిపోయి 10,000 అవుతుంది. పాత 6 లక్షలు రావాలంటే 60 ప్రోగ్రాములు చేయాలి. అది ఒక్క మనిషి చేయగల పని కాదు. బంధువులకు, స్నేహితులకు తగ్గించక తప్పదంటే ఏడాదికి రెండే అని ముందే అనుకుని, ఆ రెండు అయిపోయాయని చెప్పడం నయం.

ఈ లెక్క అందరికీ ఒకేలా పనిచేయదన్నది గుర్తుంచుకోవాలి. టీము, ఆల్బమ్, ప్రయాణం లాంటి ఖర్చులు ఎక్కువగా ఉండి, చివరికి తక్కువ మిగిలేవారికే రేటు పెంపు బాగా కలిసొస్తుంది. ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసే ఇలస్ట్రేటరుకు 60,000లో ఖర్చు 5,000 మాత్రమే అనుకుంటే 55,000 మిగులుతుంది. 75,000 చేస్తే 70,000. ఆ స్థితిలో దాదాపు 21 శాతం పని పోతేనే పాత ఆదాయానికి దిగిపోతాడు. ఫోటోగ్రాఫరుకు 40 శాతం పోయినా పర్వాలేదు. ఎవరి ఖర్చు ఎంతో రాసుకోకుండా పక్కవాడిని చూసి రేటు పెంచడం గుడ్డిగా రాయి విసరడమే.

పెంచాక వచ్చే చిక్కు ధైర్యం సడలడం. వరసగా ఐదుగురు “ఎక్కువైంది” అని ఫోన్ పెట్టేస్తే ఆరోవాడికి పాత రేటే చెప్పేస్తారు. అడిగినవారిలో నలుగురికి ఒకరు బుక్ చేసుకునే పాత పరిస్థితిలోనే వరసగా ఐదు “కాదు”లు వచ్చే అవకాశం నూటికి 24. కొత్త రేటుతో ఆరేడుగురికి ఒకరు ఒప్పుకుంటున్నారనుకుంటే అది నూటికి 44కు చేరుతుంది. కాబట్టి ఐదు తిరస్కరణల వల్ల తేలేదేమీ లేదు. కనీసం 40 ఎంక్వైరీలు వచ్చేదాకా ఆగి లెక్క చూడాలి. ఇంతకుముందు నలభైకి పది బుకింగులు వచ్చేవైతే ఇప్పుడు ఆరు వచ్చినా నష్టం లేదు. నాలుగే వస్తే వెనక్కి తగ్గాలి. ఈ రెండు అంకెలు రేటు పెంచకముందే డైరీలో రాసి పెట్టుకోవాలి, తర్వాత మనసు మాట వినకుండా ఉండేందుకు.

పెంచే సమయం కూడా ముఖ్యమే. అన్నిటికన్నా తక్కువ రిస్కు ఉన్న పద్ధతి, ఒక సీజనులో సగం తేదీలు నిండాక మిగతా సగానికి రేటు పెంచడం. అప్పటికే తిండికి లోటు లేదు కాబట్టి “కాదు” విన్నా చేయి వణకదు. బుక్ చేసుకున్నవారికి పాత రేటే. కొటేషన్ ఇచ్చినవారికి పది రోజుల గడువు పెట్టి, దాన్ని రాతలోనే పంపాలి. బేరమాడితే డబ్బు తగ్గించకుండా పని తగ్గించాలి: ఆల్బమ్‌లో షీట్లు, రెండో రోజు షూటు, డ్రోన్, ప్రీ వెడ్డింగ్. ఏమీ తీసేయకుండా పది వేలు తగ్గిస్తే మొదట చెప్పిన రేటు అబద్ధమని పెళ్లివారికి అర్థమైపోతుంది, ఆ మాట వాళ్లు రేపు పంపబోయే చుట్టాలకూ చేరుతుంది.

మూఢం వచ్చినా ఆగని ఈఎంఐ

పెద్ద అడుగు వేసేముందు, అది తప్పయితే ఎన్ని నెలలు నెగ్గుకు రావచ్చో తెలియాలి. ఉద్యోగులకు ఆరు నెలల ఖర్చు దాచుకోమని చెప్పే సలహా ఇక్కడ నేరుగా పనికిరాదు. ఈ వృత్తికి దాని సొంత క్యాలెండరు ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎలాగూ ఖాళీ. వాటికి తోడు గురు, శుక్ర మూఢాలు, రెండు మూడేళ్లకోసారి వచ్చే అధికమాసం. 2023లో శ్రావణమే అధికమాసంగా వచ్చింది, 2026లో జ్యేష్ఠం. 2024లో అయితే ఏప్రిల్ నెలాఖరున మొదలైన మూఢం వేసవి సీజను మొత్తాన్ని మింగేసింది. వెంటనే జూలైలో ఆషాఢం. మళ్లీ బాజాలు మోగింది ఆగస్టులో, శ్రావణం వచ్చాకే. సెలవులు, పెళ్లిళ్లు కలిసొచ్చే మే నెలను నమ్ముకుని మార్చిలో అప్పు చేసినవారికి ఆ మూడు నెలలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

కాబట్టి పంచాంగం ముందేసుకుని రాబోయే రెండేళ్లలో ముహూర్తాలు లేని అతి పొడవైన విరామం ఎంతో చూడాలి. దానికి, సీజను మొదలయ్యాక డబ్బు చేతికి రావడానికి పట్టే మరో నెల కలపాలి. ఇంటి ఖర్చు 35,000, ఆఫీసు, ఫోను, సాఫ్ట్‌వేర్ చందాలు 10,000 అయితే నాలుగు నెలలకు లక్షా 80 వేలు. ఇది ముట్టుకోకూడని డబ్బు. దీనిపైన ఉన్నదే సాహసానికి. చేతిలో లక్షే ఉన్నవారు రేటు పెంచే ప్రయోగం చేయొచ్చు, దానికి పెట్టుబడి అక్కర్లేదు. కెమెరా కొనకూడదు.

కెమెరా లెక్క కూడా చూద్దాం. బాడీ (లెన్సు లేని కెమెరా), రెండు లెన్సులు కలిపి 5 లక్షలు. 14 శాతం వడ్డీకి 24 నెలల అప్పు తీసుకుంటే నెలకు దాదాపు 24,000. రెండేళ్లలో కట్టేది 5 లక్షల 76 వేలు. చివర్లో సగం ధరకు, అంటే రెండున్నర లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే అసలు ఖర్చు 3 లక్షల 26 వేలు. అదే సరంజామా అద్దె రోజుకు 4,000 అనుకుంటే ఆ డబ్బుకు 81 రోజుల అద్దె వస్తుంది. అంటే ఏడాదికి 41 రోజులకు పైగా ఆ కెమెరా పనిలో ఉంటేనే కొనడం లాభం. పాతిక రోజులే షూట్లు ఉన్నవారికి అద్దె చవక. అయితే గట్టి ముహూర్తం రోజున అద్దె షాపుల్లో ఏమీ దొరకదు, దొరికినా రేటు వేరు. అందుకని ఒక నమ్మకమైన బాడీ సొంతానికి ఉంచుకుని, రెండోది, పెద్ద లెన్సులు అద్దెకు తెచ్చుకోవడం మధ్యేమార్గం. సొంత బాడీకి రెండు మెమరీ కార్డు స్లాట్లు ఉండాలన్నది మాత్రం బేరం లేని షరతు. జీలకర్ర బెల్లం సమయంలో కార్డు పాడైతే మళ్లీ తెర పట్టించి తీయలేరు.

డ్రోన్ విషయంలో జరిగే తప్పు వేరు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నది మైక్రో డ్రోన్. డబ్బు తీసుకుని దాన్ని ఎగరేయాలంటే డ్రోనుకు గుర్తింపు సంఖ్య, ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులే పరిమితి. విదేశీ డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది, కాబట్టి దొడ్డిదారిన వచ్చిన డ్రోన్‌కు కాగితాలు పుట్టవు. ప్యాకేజీలో డ్రోన్ రాసేముందు సర్టిఫికెట్ ఉన్న ఆపరేటరును రోజు లెక్కన మాట్లాడుకోవడమే సుఖం.

రెండో మండపం

ఆదాయం ఒక్కసారిగా పెరిగేది ఇక్కడే, పేరు ఒక్కసారిగా పోయేదీ ఇక్కడే. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు ఒప్పుకుని, రెండోదానికి బయటి క్యాండిడ్ ఫోటోగ్రాఫరును పంపుతారు. పెళ్లివారు చూసి బుక్ చేసుకున్నది ఒకరి పనిని, వచ్చింది ఇంకొకరు. గొడవ మొదలయ్యేది ఫోటోల నాణ్యత దగ్గర కాదు, చెప్పకపోవడం దగ్గర.

అందుకే రెండో టీమును ఒక్కసారిగా ముహూర్తానికి దించకూడదు. మొదట హల్దీలు, రిసెప్షన్లు. అక్కడ ఏదైనా తప్పినా ఇంకో క్షణం దొరుకుతుంది. తర్వాత మెయిన్ టీముతో కలిసి అయిదారు పెళ్లిళ్లు, అడ్డుతెర తీసే క్షణంలో ఎక్కడ నిలబడాలో, పురోహితుడితో ముందే ఏం మాట్లాడుకోవాలో, తలంబ్రాల దగ్గర ఫ్లాష్ ఎంత ఉంచాలో అలవాటయ్యేదాకా. ఆ తర్వాతే సొంతంగా. కొటేషన్‌లో రెండు రేట్లు స్పష్టంగా ఉండాలి: ఫలానా ఫోటోగ్రాఫరే వచ్చి తీస్తే ఒకటి, టీము వచ్చి తీస్తే ఒకటి. చాలామంది రెండోదే తీసుకుంటారు, తెలిసి తీసుకున్నవారు గొడవకు రారు.

డేటా సంగతి ఇంకా పెద్దది. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయితే గంటకు 45 జీబీ. ఆరు గంటలు తీస్తే ఒక్కో కెమెరాకు 270 జీబీ. బయటి కెమెరామన్ ఈ కార్డులు జేబులో వేసుకుని మర్నాడు ఇంకో ఊరి పెళ్లికి వెళ్లిపోతాడు, అక్కడ కార్డు ఖాళీ లేక ఫార్మాట్ చేస్తాడు. ఈ రంగంలో వినిపించే “డేటా పోయింది” కథల్లో చాలావరకు ఇలాగే మొదలవుతాయి. కార్డులు స్టూడియోవే అయి ఉండాలి. మండపం వదిలేలోపు రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ అవ్వాలి, ఆ రెండూ ఒకే బండిలో ప్రయాణించకూడదు. డెలివరీ అయ్యేదాకా మూడో కాపీ క్లౌడ్‌లోనో వేరే ఇంట్లోనో ఉండాలి. మనుషులకు డబ్బు అదే రాత్రి ఇచ్చేయాలి. పెళ్లివారు ఇంకా ఇవ్వలేదన్న సాకుతో రెండుసార్లు ఆపితే మూడో ముహూర్తానికి మంచివాళ్లు ఫోన్ ఎత్తరు.

రెండో టీము వచ్చిందంటే జీఎస్టీ గడప దగ్గరికి వచ్చినట్టే. నమోదు అక్కర్లేని పరిమితి సేవలకు ఏడాదికి 20 లక్షలు, అదీ లాభం మీద కాదు, మొత్తం వసూళ్ల మీద. 60,000 చొప్పున 30 ప్రోగ్రాములు 18 లక్షలే. 75,000 చొప్పున అదే ముప్పై చేస్తే 22 లక్షల 50 వేలు. పరిమితి దాటాక 18 శాతం పన్ను. కస్టమర్ కంపెనీ అయితే దాన్ని క్రెడిటుగా తీసుకుంటుంది, అంటే తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటుంది. పెళ్లి ఇంటివారికి అది ఎందుకూ పనికిరాదు, వాళ్లకు ధర పెరిగినట్టే. 75,000లోనే పన్ను కలిపేస్తే ఒక్కో ప్రోగ్రాము మీద దాదాపు 11,440 రూపాయలు పోతాయి. ఆల్బమ్ ల్యాబు బిల్లు, కెమెరా కొనుగోలు మీద కట్టిన పన్ను అందులోంచి తగ్గించుకోవచ్చు. 50 లక్షల లోపు వసూళ్లున్న సేవలవారికి, మొత్తం వసూళ్ల మీద 6 శాతమే కట్టే కాంపోజిషన్ స్కీము ఉంది. అందులో 75,000కు 4,500 కడితే సరిపోతుంది. కాకపోతే పన్నును కస్టమర్ నుంచి విడిగా వసూలు చేయకూడదు, క్రెడిట్ రాదు, రాష్ట్రం దాటి సేవలు అందించకూడదు. హైదరాబాద్‌లో స్టూడియో, గుంటూరులో పెళ్లివారు అయితే ఆ బిల్లు రాష్ట్రాంతరం కిందికి రావచ్చు. రెండు రాష్ట్రాల్లో పనిచేసేవారు ఈ స్కీములోకి దూకేముందు ఆడిటరును అడగడం తప్పనిసరి. పరిమితి దగ్గర్లో ఉన్నవారు ఈ ఖర్చును కొత్త రేటులో ముందే కలుపుకోవాలి, దాటాక కాదు.

సంతకం అడగడానికి సిగ్గెందుకు

తాంబూలాలు పుచ్చుకునే ఇంట్లో అగ్రిమెంటు కాగితం తీయడం చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. ఆ కాగితం లేకపోతే ఏమవుతుందో తెలిస్తే ఆ ఇబ్బంది తగ్గుతుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే తీసినవారు ఆ ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి కూడా హక్కు అడిగి రాయించుకోవాలి. కొత్త పనులు తెచ్చేది ఆ పేజీయే కాబట్టి, ఎదుగుదల మొత్తం ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది. ఎన్ని ఫోటోలు పెట్టొచ్చు, ఎవరి ముఖాలు వద్దు, పెళ్లి అయిన ఎన్ని రోజులకు పెట్టాలి అన్నది రాసుకుంటే చాలు. హైలైట్ వీడియోకు సినిమా పాట పెట్టి యూట్యూబులో ఎక్కిస్తే హక్కుదారుల క్లెయిమ్ వస్తుందని, కొన్నిచోట్ల శబ్దమే పోతుందని పెళ్లివారికి ముందే చెప్పాలి. లైసెన్సు ఉన్న సంగీతం వాడితే ఆ గొడవ ఉండదు.

డబ్బు విషయంలో 30, 50, 20 శాతాల పద్ధతి బాగా నిలబడుతుంది: తేదీ ఖాయం చేసుకోవడానికి 30, పెళ్లి ముందు రోజుకు మరో 50, డెలివరీకి ముందు 20. చివరి వాయిదా ఇంతకన్నా పెద్దదైతే పని కష్టమే. ఆల్బమ్‌కు ఫోటోలు సెలెక్షన్ చేయడానికి కొత్త దంపతులకు ఆరు నెలలు పడుతుంది, అమ్మాయి అమెరికా వెళ్లిపోతే ఏడాది. అందాకా డబ్బు ఆగిపోతుంది. కాబట్టి సెలెక్షన్‌కు 30 రోజుల గడువు, అది దాటితే చివరి వాయిదా చెల్లించాల్సిందేనని రాయాలి. ఇంట్లో మైల వచ్చి పెళ్లి వాయిదా పడితే, కొత్త తేదీ ఖాళీగా ఉంటే అడ్వాన్సు దానికే మార్చడం మర్యాద. ఖాళీ లేకపోతే ఏం చేయాలో కూడా అక్కడే ఉండాలి. ఫోటోగ్రాఫరే మంచాన పడితే ఎవరు వస్తారో పేరుతో సహా రాసి ఇవ్వాలి. ఈ ఒక్క పంక్తి పెళ్లివారికి ఇచ్చే భరోసా మిగతా అన్ని నిబంధనలకూ వాళ్లు సంతకం పెట్టేలా చేస్తుంది.

ఎన్నారై పెళ్లిళ్ల మోజులో ఒక తప్పు జరుగుతుంటుంది. టూరిస్టు వీసాతో డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లి, అక్కడివారి దగ్గర డబ్బు తీసుకుని పెళ్లి తీయడం సాహసం కిందికి రాదు. ఆ వీసా మీద అక్కడ సంపాదించడానికి వీల్లేదు, పట్టుబడితే వీసా పోతుంది, మళ్లీ రావడం కష్టం. ఆ కుటుంబాలు ఇక్కడికి వచ్చి చేసుకునే పెళ్లిళ్లే చాలా ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది లైవ్ స్ట్రీమింగ్, రెండు వారాల్లో ఆన్‌లైన్ గ్యాలరీ, అక్కడి వేళల్లో ఫోన్ ఎత్తే మనిషి.

బాజాలు లేని నెలల పని

రేటు పెంచడంతో ఖాళీ అయిన తేదీలు, మూఢపు వారాలు కలిపితే ఏడాదిలో మూడు నెలలు వస్తాయి. అక్కడ పెట్టాల్సిన సాహసం డబ్బు రాని పని చేయడం. ఊరికే కాదు, ఒక లక్ష్యంతో. పోచంపల్లి మగ్గాల దగ్గరో, కొండపల్లి బొమ్మలు చెక్కేవారి దగ్గరో మూడు రోజులు ఉండి, వారి అనుమతితో ఇరవై మంచి చిత్రాలు చేస్తే, చేనేత బ్రాండ్లకు, హోటళ్లకు, నగల దుకాణాలకు చూపించుకోవడానికి పెళ్లి ఆల్బమ్ కన్నా అదే పనికొస్తుంది. పెళ్లి ఫోటోలు చూసి ఏ కంపెనీ ప్రొడక్ట్ షూట్ ఇవ్వదు. ఒక్కో ప్రయత్నానికి ప్రయాణం, బస, అద్దె కలిపి 15,000 దాటకూడదు. అలాంటివి మూడు చేసి, ఒక్కోటీ పదిహేను మందికి పంపాక కూడా పని రాకపోతే దారి మార్చాలి.

కంపెనీ పనిలో రేటు బాగుంటుంది, డబ్బు ఆలస్యమవుతుంది. “అకౌంట్స్‌లో ఉంది” అన్న మాటతో నాలుగు నెలలు నడుస్తాయి. ఇక్కడ చట్టం చిన్నవారి పక్షానే ఉంది. చిన్న సంస్థల నమోదుకు కేంద్రం నడిపే ఉద్యం పోర్టల్‌లో ఉచితంగా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు పని చేయించుకున్న కంపెనీ, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటిన బాకీని ఆ కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. ఈ ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మార్చి నెలలో కంపెనీల అకౌంట్స్ విభాగాలు హఠాత్తుగా చిన్న బిల్లులు వెతకడానికి అదొక కారణం. ఒక్కరే నడిపే ఫోటో స్టూడియో కూడా సేవా సంస్థగా ఇందులోకి వస్తుంది. నమోదు మాత్రం పని ఒప్పుకునేముందే చేయించి, ఆ సంఖ్యను మొదటి కొటేషన్ మీదే ముద్రించాలి. బాకీ పడ్డాక నమోదు చేసుకుని వెళితే, పని జరిగిన నాటికి ఇది లేదు కదా అని అవతలి లాయరు మొదట అడిగే ప్రశ్న అదే.